శనివారం జత

నా దుకాణానికి వచ్చేవాళ్ళందరూ అబద్ధమాడతారు. కావాలని కాదు, పాదం గురించి నిజం చెప్పడం మనిషికి చేతకాదు, అంతే. చెప్పుల్లేకుండా నడిచావా అంటే లేదంటారు, చూస్తే మడమలో ముల్లు విరిగి ఉంటుంది. ఇంట్లో కూడా వేసుకోమన్నాను కదా అంటే వేసుకుంటున్నామంటారు, చూస్తే చెప్పు మీద నా వేలిముద్ర కూడా చెరిగి ఉండదు. "కాలు చెప్పేది విను, మనిషి చెప్పేది వినొద్దు" అనేవాడు మా నాయన పాల్. ఆయన కుష్టు ఆసుపత్రిలో రోగులకు చెప్పులు చేసేవాడు. నేను తిరుపతిలో, పెద్దాసుపత్రి ఎదురు సందులో, షుగరు రోగులకు మెత్తటి రబ్బరు చెప్పులు చేస్తున్నాను. ఇరవై ఏడేళ్ళయింది. నా పేరు స్టెల్లా. సందులో నాకు కోపిష్టిదని పేరుంది. ఇలాంటి జనంతో వేగితే ఎవరికైనా ఆ పేరే వస్తుంది.

ఆ సోమవారం సాయంత్రం గిరి అనే ఆయన కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆయనది రేణిగుంట గోడౌన్లో లోడింగు పని. కూతురు కోమలి, పదో తరగతి. సంచిలోంచి తీసి నా బల్ల మీద పెట్టిన వస్తువు చూసి నేను ఒకడుగు వెనక్కి వేశాను. బూట్లే. కానీ ఒక్కోదాని కింద వరసగా నాలుగు చక్రాలు.

"నేను బండ్లు రిపేరు చేస్తానని ఎవురు చెప్పినారప్పా నీకు?" అన్నాను.

"హాకీ స్కేట్లక్కా. చక్రాల మీద పోతా కర్రతో ఆడతారే, ఆ ఆట. పాప బాగా ఆడతాది. లోపల కాలు నిలవడం లేదంట. సూడక్కా."

లోపల చెయ్యి పెట్టాను. దూది వచ్చింది. దూది కింద పరుపు స్పాంజి. స్పాంజి కింద మడతపెట్టిన క్యాలెండరు అట్ట, ఇంకా చూస్తే మే నెల కనిపిస్తోంది. బూట్లు బెంగుళూరులో ఎవరో పిల్లవాడు ఆడి వదిలేసినవట. పిల్ల కాలి కంటే రెండు సైజులు పెద్దవి.

"రెండు పెద్దవెందుకు తీసుకున్నావు?"

"పెరిగే పిల్ల గదక్కా."

పెరిగే పిల్ల! ఈ మాట వినగానే నాకు తల ప్రాణం తోకకొస్తుంది. మా జిల్లాలో ప్రతి పిల్లా పాదానికి సరిపోని బూట్లతో బడికి పోతుంది. పాదం పెరిగి బూటుకు సరిపోయే నాటికి బూటు నోరు తెరుస్తుంది. అప్పుడు మళ్ళీ రెండు సైజులు పెద్దవి కొంటారు. గౌను కుట్టిస్తే మోకాళ్ళ కింద మడత, బూటు కొంటే ముందర దూది. మామూలు బూటైతే పోనీ అనుకోవచ్చు. చక్రాల మీద నిలబడే పిల్లకు మడమ లోపల లేచి పడుతూ ఉంటే అది ఆటెలా ఆడుతుంది? తాడు బిగిస్తే వేళ్ళు మొద్దుబారతాయి, వదులు చేస్తే చీలమండ పక్కకు ఒరుగుతుంది. పిల్ల రెండు మడమల మీదా పాత బొబ్బల మచ్చలు రూపాయి బిళ్ళల్లా ఉన్నాయి.

"వచ్చే నెలాఖర్లో చిత్తూర్లో సెలక్షన్లక్కా. పదిహేడేళ్ళ లోపు పిల్లోళ్ళ రాష్ట్ర జట్టు," అన్నాడు గిరి. "పోయినసారి మలుపులో పడిపోయిందని తీసేసినారు. ఈసారి గూడా రాకపోతే ఇంక సాలు. ఇవి ఎవురికన్నా ఇచ్చేసి పాపను హాస్టల్లో ఏస్తా. ఇంటరు సదువుకుంటాది. మాటంటే మాటే."

కోమలి ఆయన వైపు చూడలేదు. బల్ల మీది స్కేట్ల చక్రాన్ని వేలితో తిప్పుతూ ఉంది. ఆ తిప్పడం చూసి నేను ఆ పని ఒప్పుకున్నాను.

పిల్ల కాళ్ళు తడిపి సిమెంటు గచ్చు మీద నిలబెట్టి అచ్చు చూశాను. తర్వాత కాగితం మీద గీశాను. సన్నటి మడమ, బరువు పడితే కుంగిపోయే అరికాలి వంపు, కుడికాలి కంటే ఎడమకాలు వెంట్రుకవాసి పొడుగు. బూటు మార్చలేం, బూటు లోపలి అట్ట మార్చగలం. మడమ కూర్చోవడానికి గిన్నెలా లోతు, వంపు కింద ఎత్తు, వేళ్ళ ముందు ఖాళీలో రబ్బరు ముక్క, పైన బూటు నాలుక కింద పలుచటి స్పాంజి. మూడు రోజులు కోసి, అరగదీసి, వేడిచేసి నొక్కి గురువారానికి సిద్ధం చేశాను. కోమలి వేసుకొని తాళ్ళు బిగించి మోకాళ్ళు వంచింది. అటూ ఇటూ ఒరిగింది. దాని మొహంలో నవ్వు మొదటిసారి చూశాను.

"కాలూ బూటూ ఒకటే అయిపోయినాయాంటీ," అంది.

ఆ మాటకు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. షుగరు రోగులెవరూ ఇలాంటి మాటలనరు. ఆ రోజు సాయంత్రం బజ్జీలు తెప్పించుకొని తిన్నాను.

సోమవారం తిరిగి వచ్చింది. "నిన్న ప్రాక్టీసులో బిగుతుగా ఉండాయాంటీ. వేళ్ళు నలిగిపోయినాయి."

వేసి చూశాను. వేలు దూర్చి చూశాను. "యాడే బిగుతు? బాగానే ఉండాయే."

"ఇప్పుడు బాగుండాయి. నిన్న బిగుతు."

సరే, ఆడేటప్పుడు కాలు వేడెక్కి ఉబ్బుతుందిలే అనుకొని అట్టను కొంచెం గీకి పలుచన చేశాను. శుక్రవారం మళ్ళీ ప్రత్యక్షం. "మంగళారం, గురువారం వదులు. మడమ లేస్తా ఉండాది." అడుగున ఒక పొర అంటించాను. సోమవారం వచ్చింది. "ఆదివారం బిగుతు." గీకాను. శుక్రవారం వచ్చింది. "వదులు." అంటించాను. మూడు వారాలు ఇదే తంతు. గీకడం, అంటించడం, గీకడం, అంటించడం. నాకు వచ్చిన కోపానికి ఆ అట్టలను ఎదురుగా ఉన్న కాలవలో పడేద్దామనుకున్నాను.

"ఎండలో పెడతా ఉండావా?"

"లేదాంటీ."

"నీళ్ళతో కడుగుతా ఉండావా?"

"లేదాంటీ."

"ఇంకెవురన్నా ఏసుకుంటా ఉండారా?"

"లేదాంటీ."

"అయితే నాకే కండ్లు పోయినాయి!" అని కత్తి బల్ల మీద కొట్టాను.

నోటికి వచ్చి అన్నానే గానీ ఆ మాట నన్ను వదల్లేదు. నాకు యాభై నాలుగు. కంటి అద్దాలు మార్చి రెండేళ్ళయింది. చెయ్యి కుదురు తప్పిందేమోనని దడ పట్టుకుంది. వేరే రోగుల చెప్పులు కూడా తీసి తీసి కొలవడం మొదలుపెట్టాను. స్కేటింగు కోచ్ రఘునాథ్ ఫోన్ చేసి, "అమ్మా, మీ అట్టలొద్దులే, పాత స్పాంజే పెట్టుకోమన్నా. పిల్ల మళ్ళీ మలుపులో తడబడతా ఉండాది," అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా, ఇక్కడ మద్దెల చేసినదాన్ని నేను. మనసు చాలా కష్టపెట్టుకున్నాను.

ఆ ఆదివారం చర్చిలో ప్రసంగం సాగుతూనే ఉంది. నేను కూర్చున్నానే గానీ నా బుర్ర ఆ అట్టల దగ్గరే ఉంది. ఆదివారం బిగుతు అంటుంది. ఆదివారం పూట ఆ కాలు నేనెప్పుడైనా చూశానా? చివరి పాట అందుకోక ముందే లేచి, తెల్ల చీరతోనే ఆటో ఎక్కి స్కేటింగు రింకుకు పోయాను. పిల్లలు గట్టు మీద కూర్చొని నీళ్ళు తాగుతున్నారు. కోమలి నన్ను చూసి కాళ్ళు గట్టు కిందికి లాక్కుంది. అప్పుడే నాకు అనుమానమొచ్చింది.

"తియ్యి," అన్నాను.

తీసింది. సాక్సు ఊడబెరికాను. టేపు పెట్టి కొలిచాను. నా కాగితంలో ఉన్నదానికంటే నాలుగు మిల్లీమీటర్లు వెడల్పు. వినేవాళ్ళకు అదొక లెక్క కాదు. బూటు లోపల అది చాలా పెద్ద తేడా. మడమ తిప్పి చూశాను. చర్మం పగుళ్ళలో పసుపు. పసుపు మీద ఎర్రగా కుంకుమ. సబ్బుతో రుద్దినా పోనంతగా పట్టి ఉంది. తిరుపతిలో పుట్టినవాళ్ళకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. కొండ మెట్లకు పసుపూ కుంకుమా పెట్టుకుంటూ పోతారు ఆడవాళ్ళు. ఉత్త కాళ్ళతో ఎక్కేవాళ్ళకు అదంతా అరికాళ్ళకు అంటుతుంది.

"ఎప్పుడే కొండెక్కింది?"

"నిన్న."

"పోయిన శనివారం?"

తల ఊపింది.

"అంతకు ముందు శనివారం?"

"ఏడు శనివారాల మొక్కాంటీ. అయిదు అయినాయి." గొంతు తగ్గించింది. "తెల్లారుజామున ఎక్కి, దర్శనం అయినాక బస్సులో దిగొచ్చి మధ్యాహ్నం బడికి పోతా ఉండా."

మూడున్నర వేల మెట్లు. ఉత్త కాళ్ళతో. రాతి మీద. శనివారం వాచిన కాలు ఆదివారం పొద్దున ఆటకు పోతుంది, సోమవారం సాయంత్రానికి వాపు దిగి బుద్ధిగా నా దుకాణానికి వస్తుంది. ఆ దిగిన కాలు చూసి నేను గీకుతున్నాను.

"నాకెందుకు చెప్పలేదు?" రింకులో ఉన్న పిల్లలందరూ ఇటు తిరిగారు. తిరగనీ.

"మీరు చర్చికి పోతారు గదా. కొండ మొక్కని చెప్తే ఏమన్నా అనుకుంటారని, చెప్పొద్దన్నాడు నాయన."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇరవై ఏడేళ్ళుగా ఈ ఊళ్ళో కాళ్ళు చూస్తున్నాను. గుండు కొట్టించుకొని వచ్చినవాళ్ళ కాళ్ళు, మోకాళ్ళ మెట్టు ఎక్కి వచ్చినవాళ్ళ కాళ్ళు, లడ్డు సంచితోనే వచ్చి లడ్డు నా చేతిలో పెట్టి కాలు చూపించినవాళ్ళ కాళ్ళు. నేనేమన్నా అనుకుంటానట! నా కండ్లు పోయాయని నెల రోజులు కుమిలిపోయింది నేను. ఒక్క మాట, ఒకే ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చాలా కోపమొచ్చింది. అంతకంటే ఎక్కువ బాధేసింది.

సోమవారం కోమలితో పాటు గిరినీ, ఆయన తల్లినీ కూడా పిలిపించాను. ఆమె పేరు తిరుమలమ్మ. డెబ్భై ఏళ్ళుంటాయి. ఈ మొక్కు తప్పకుండా ఈ ముసలామే పెట్టి ఉంటుందని, రాగానే కడిగేద్దామని కూర్చున్నాను.

"పెద్దమ్మా, ఏడో శనివారం ఎప్పుడొస్తాదో తెలుసా నీకు? సెలక్షన్ ముందు రోజు. వాచిన కాళ్ళతో పోయి పాప ఏం ఆడతాది? మొక్కు ఒక వారం జరిపితే స్వామి ఏమన్నా కోప్పడతాడా?"

"నేను మొక్కలేదమ్మే. అదే మొక్కుకునింది, సెలక్షన్ కోసరం. నేను వద్దనే జెప్పినా. ఇంటేనా?"

నేను కోమలి వైపు తిరిగాను. "సెలక్షన్ కోసరం మొక్కి, ఆ మొక్కుతోనే సెలక్షన్ పోగొట్టుకుంటావా? తెలివుందా నీకు?"

"వరసగా ఏడు ఎక్కుతానని మొక్కినా. ఎక్కుతా," అంది కోమలి. అంతే. నెత్తీ నోరూ కొట్టుకున్నా ఇంకో మాట లేదు. గిరి చేతులు కట్టుకొని నిలబడ్డాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం ఈ పిల్ల, ఇది ఎవరి మాటా వినదని అర్థమైంది.

తిరుమలమ్మ మంచినీళ్ళ కోసం లేచింది. అప్పుడు చూశాను. కుడికాలు కొద్దిగా ఈడుస్తోంది. బొటనవేలికి కట్టు. కాలికి సంతలో కొన్న గట్టి ప్లాస్టిక్ చెప్పు. ఆ చెప్పు అంచు సరిగ్గా ఆ వేలినే ఒత్తుతోంది.

"పెద్దమ్మా, నీకు షుగరు ఉండాదా?"

"ఉండాది లేమ్మే. రెండు నెల్లయింది ఈ పుండు. డాక్టరు ఏలు తీసేస్తానంటా ఉండాడు. ఇంగ కొంచిం సూద్దామన్నాడు."

నా బల్ల ముందు కూర్చొని, నా రబ్బరు చూస్తూ, నా గోడకు వేలాడుతున్న ఇరవై జతల షుగరు చెప్పులు చూస్తూ, ఆ పుండు కాలు బెంచీ కిందికి నెట్టుకొని కూర్చుంది ముసలామె. కొడుకు నెల రోజులుగా ఈ దుకాణానికి తిరుగుతున్నాడు. మా అమ్మకు కూడా ఒక జత చెయ్యక్కా అని ఆయన నోట ఒక్కసారైనా రాలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. వీళ్ళు అడగరు!

గిరిని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. తిరుమలమ్మ చేత ఆ పుండు కాలు ముందుకు పెట్టించి అచ్చు తీశాను. గిరి ఆమెను పట్టుకొని కుళాయి దగ్గరికి కాళ్ళు కడగడానికి తీసుకుపోయాడు. అప్పుడు కోమలి నా దగ్గరికి జరిగింది.

"సెలక్షన్ కోసం కాదాంటీ."

"మరి?"

"అవ్వ వేలు తీసెయ్యకూడదని." కండ్లు తుడుచుకుంది. "వేలు తీస్తే ఆగదంట. తర్వాత పాదం తీస్తారంట. మా వీధిలో ఒకామెకు అట్లే అయి చచ్చిపోయింది. అవ్వకు చెప్తే నన్ను ఎక్కనియ్యదు. అందుకే సెలక్షన్ కోసమని చెప్పినా."

"మరి సెలక్షన్ పోతే?"

"పోతే పోనీ," అంది. అన్నాక ఏడ్చింది. పోతే పోనీ అనుకునే పిల్ల అలా ఏడవదు.

అప్పటిదాకా ఉన్న కోపం ఏమైపోయిందో నాకు తెలియదు. నేను దాన్ని దగ్గరికి తీసుకోలేదు, నాకు అలాంటివి రావు. "ముక్కు తుడుచుకో," అన్నాను. "ఎక్కు. ఎక్కి, బస్సు దిగి నేరుగా నా దగ్గరికి రా. బడికి నేను ఫోన్ చేస్తా."

ఆరో శనివారం మధ్యాహ్నం వచ్చింది. అరికాళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. వాచిన కాలికి వాచినట్టే అచ్చు తీసి, ఇంకో జత అట్టలు చేశాను. మడమ గిన్నె అదే, వంపు అదే, మందం మాత్రం సగం. వెనక బాల్‌పెన్నుతో 'శ' అని రాశాను. మామూలు జత మీద ఏమీ రాయలేదు. మర్నాడు రింకులో కోమలి మలుపులో ఒక్కసారి కూడా తడబడలేదు. రఘునాథ్ ఫోన్ చేసి, "ఏం చేసినారమ్మా?" అన్నాడు. "ఏం చెయ్యలేదప్పా, స్పాంజి పెట్టుకోమన్నావు గదా, పెట్టినా," అని పెట్టేశాను. అంతమాత్రం అనకపోతే నాకు నిద్ర పట్టదు.

తిరుమలమ్మకు బొటనవేలి కింద పల్లం తీసిన చెప్పులు చేసి ఇచ్చాను. ఇంట్లో కూడా వేసుకోమన్నాను. వేసుకుంటానంది. నమ్మలేదు. మూడు సార్లు వాళ్ళింటికి చెప్పకుండా పోయి చూసి వచ్చాను. రెండు సార్లు వేసుకొని ఉంది.

సెలక్షన్ రోజు చిత్తూరు బస్సులో నలుగురం పోయాం. నన్నెవరూ పిలవలేదు, నేనే ఎక్కాను. ముందు రోజు ఏడో శనివారం మొక్కు ముగించిన కోమలి పాకాల దాటేదాకా కాళ్ళు ఎదురు సీటు మీదికి ఎత్తి పెట్టుకొని కూర్చుంది. కండక్టరు ఏదో అనబోతే నేను చూసిన చూపుకు ముందుకు పోయాడు. పొద్దున మొదటి ఆటకు శనివారం జత. బాగా ఆడింది. ఒక గోలు. మధ్యాహ్నం రెండో ఆటకు బూటు వేసుకొని లేచి, నా వైపు చూసింది. "వదులవతా ఉండాయాంటీ."

అనుకున్నాను. వాపు దిగుతోంది. టిఫిను సంచిలోంచి మామూలు జత తీసి, ఆ పిల్ల ముందు కింద కూర్చొని మార్చాను. అవతల అంపైరు ఈల వేస్తున్నాడు. "ఆగప్పా, ఏమంత తొందర!" అని అరిచాను. ఆగాడు పాపం. రఘునాథ్ తలపట్టుకున్నాడు. తాళ్ళు బిగించి, మడమ మీద అరచేత్తో కొట్టి పంపించాను. పోయినసారి పడిన మలుపు లాంటి మలుపులోనే, ముందు పోతున్న పిల్ల దగ్గరినుంచి బంతి లాక్కొని కాలి మీద గిర్రున తిరిగింది. నాకు ఆట తెలియదు. ఆ మడమ కదల్లేదని మాత్రం తెలిసింది.

నాలుగు గంటలకు పేర్లు చదివారు. పదిమంది. ఏడో పేరు కోమలి. గిరి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. కాసేపటికి చేతులు తీసి, "హాస్టలు మాట మాట్లాడన్లే పాపా," అన్నాడు. కోమలి స్కేట్లతోనే వాళ్ళవ్వను పట్టుకొని ఊపేసింది. ముసలామె పడిపోతుందని నేను అరుస్తూనే ఉన్నాను.

తిరుమలమ్మ కొండ ఉన్న దిక్కుకు తిరిగి దండం పెట్టుకుంది. తర్వాత నాతో, "వొచ్చే శనివారమే ఎక్కేస్తానమ్మే," అంది.

"ఎవురు?"

"నేనే. పాప ఒక్కతి మొక్కితే సాలదని నేను గూడా మొక్కుకున్యా. సెలక్షన్ అయితే ఉత్త కాళ్ళతో మెట్లెక్కుతానని."

నేను అక్కడే సిమెంటు మెట్టు మీద కూలబడ్డాను. ఈ వేలు నిలవాలని ఆ పిల్ల కాళ్ళు రాతికి రుద్దుకుంటే, ఆ పిల్ల ఆట నిలవాలని ఈమె ఇదే వేలిని రాతికి రుద్దుతుందట. నేను నెలన్నరగా రెండింటి మధ్య రబ్బరు కోస్తున్నాను. ఈ ఇంట్లో ఒకరి మొక్కు ఒకరికి చెప్పుకుంటే ఏం పోయింది?

"పెద్దమ్మా," అన్నాను, ఉన్న ఓపికంతా కూడగట్టుకొని, "మొక్కేటప్పుడు తేదీ చెప్పినావా స్వామికి?"

ఆలోచించింది. "లేదు."

"అయితే పుండు మానినాక ఎక్కు. డాక్టరు సరే అన్నాక. ఏడాది పట్టినా సరే."

"అంతవరకు నేనుంటానో లేదో ఎవురికి తెలుసమ్మే."

కోమలి అవ్వ చెయ్యి వదల్లేదు.

"ఉంటావు," అంది. "అందుకే గదా నేనెక్కింది."

తిరుమలమ్మ మనవరాలి వైపు చూసింది. తర్వాత నిజమా అన్నట్టు నా వైపు చూసింది. నేను తలూపాను.